ముక్కు పిండిన బస్తీ

ఆటో నెత్తిన కట్టిన మైకుకు గొంతు పగిలి చాలా కాలమైంది. డాక్టర్ స్వరాజ్యం ముందుగానే రికార్డు చేసిపెట్టిన ప్రకటన అందులోంచి వస్తోంది. "షీసాబస్తీ ప్రజలారా! మీ ఇంటింటికీ గ్రాంటు వస్తోంది. ఎవరూ ఎక్కడికీ వెళ్ళనవసరం లేదు." మైకు అందులోని 'గ్ర'ను మింగేసి, తన గరగరను కలిపి, "వారంటు" అని బయటికి కక్కింది. ఇంటింటికీ వారంటు! ఎవరూ ఎక్కడికీ వెళ్ళనవసరం లేదు! పోలీసులు కూడా ఇంత స్పష్టంగా ఎప్పుడూ చెప్పలేదు.

ఆ బస్తీ మగవాళ్ళలో సగం మంది మీద ఏదో ఒక కేసుంది. గాజు తయారుచేసే షీసా కార్ఖానా మూతబడ్డనాడు గేటు ముందు కూర్చున్నందుకు కొందరి మీద, కరెంటు తీగకు కొక్కెం తగిలించినందుకు కొందరి మీద, ఏమీ చేయకుండా గోడకానుకొని నిలబడ్డందుకు మిగిలినవాళ్ళ మీద. కార్ఖానా పోయాక షీసా పోయి సీసా మిగిలిన బస్తీ అది. దేశానికి వచ్చిన స్వరాజ్యం అక్కడికి ఎప్పుడూ రాలేదు. ఇన్నాళ్ళకు డాక్టర్ స్వరాజ్యం వచ్చింది. ఆమె వెనకే రాళ్ళూ వచ్చాయి.

మొదటి రాయి ఆటో అద్దాన్ని తిన్నది, రెండోది డ్రైవరు మోచేతిని. డాబాల మీది నుంచి ఇటుకలు దిగాయి, కిటికీల్లోంచి కారప్పొడి ఎగిరింది. స్వరాజ్యం ఆటో సీటు కింద దూరింది. అంతకు కాస్త ముందే పైగల్లీ గోడకు ఆమె తన చేత్తో ఒక మేకు కొట్టింది. ఆ మేకుకు ఒక కొత్త యంత్రాన్ని తగిలించి, నిచ్చెన మీద నిలబడి మరలు బిగిస్తున్నాడు ఆమె సహాయకుడు దామోదర్. కింది నుంచి ఎవడో విసిరిన కట్టె అతని మెడపక్కన తగిలింది. ఎముక విరిగిన చప్పుడు సీటు కింద దాక్కున్న ఆమెకు కూడా వినిపించింది.

కట్టె విసిరినవాడు పరుగెత్తుకొచ్చి ఆటోలోకి తొంగి చూశాడు. స్వయానా ఆమె తమ్ముడు రాజమల్లు, బస్తీ తాలీంలో కుస్తీ నేర్పే ఉస్తాదు.

"అక్కా! పోలీసోళ్ళ బండ్లె నువ్వేం జేస్తున్నవ్?"

"పోలీసులెక్కడున్నర్రా గాడిదా! అతను నా దగ్గర పనిచేసే దామోదర్!"

రాజమల్లు కింద పడ్డవాణ్ణి చూశాడు. అతణ్ణి భుజాన వేసుకొని ఆసుపత్రి వైపు పరుగు లంకించుకున్నాడు.

"నువ్వెందుకురా? అంబులెన్సును పిలుస్తా!"

"కొట్టినోడే ఎత్తాలె అక్కా! తాలీంల పుట్టినదానివి, గదే మర్చినవా?"

మరిచిపోలేదు. వాళ్ళ నాన్న ఉస్తాదుగా ఉన్ననాటి కట్టుబాటు అది. కుస్తీలో ఎవడు పడేస్తే వాడే చెయ్యిచ్చి లేపాలి. తాలీం బయట జరిగే కొట్లాటకూ అదే రూలు. ఎవడి దెబ్బకు ఎవడు పడితే వాణ్ణి వాడే మోసుకుపోవాలి. మోసేటప్పుడు బరువు తెలుస్తుంది, మళ్ళీ కొట్టేముందు చెయ్యి కాస్త ఆలోచిస్తుంది. షీసాబస్తీలో ముక్కు మీద కోపం లేని మనిషి లేడు. అయినా ఆ రూలు పుణ్యమా అని చావుదాకా వెళ్ళిన కొట్లాట కూడా లేదు.

సాయంత్రం దాకా పోలీసులు రాలేదు. డాక్టరక్క తలుచుకొని వారంట్లు కొట్టేయించిందని బస్తీ తేల్చుకుంది. తమ్ముడు ఆ పొద్దు సీసా మీదుండి పోలీసుల మాట ఎత్తాడని అక్క తేల్చుకుంది. గోడ మీది యంత్రం మాత్రం కొస దాకా ఎర్రబడి ఉంది. మర్నాడు పొద్దున్నే పథకం లారీ వచ్చి పైగల్లీలో వీధిదీపాలు పాతిపోయింది. కిందిగల్లీ గోడకూ స్వరాజ్యమే మేకు కొట్టి అలాంటి యంత్రాన్నే తగిలించింది.

ఆ యంత్రానికి శాఖవాళ్ళు పెట్టిన పేరు పలికితే నాలుక మడతపడుతుంది. బస్తీ దానికి 'ముక్కు' అని పేరు పెట్టి ఊరుకుంది. నిజానికి అది ముక్కే. కుక్క ముక్కులోని కణాలను పల్చటి పొరగా పెంచి, ఒక డబ్బాలో బతికించింది స్వరాజ్యం. ప్రయోగశాలలో దామోదర్‌ను మేడ పిట్టగోడ మీద నిలబెట్టి, కిందికి చూడమని, కారిన చెమటను ఒక సీసాలో పట్టింది. అతని మరదలి పెళ్ళిలో డాన్సు చేయించి ఆ చెమటను ఇంకో సీసాలో పట్టింది. డాన్సు చెమటకు ముక్కు కునుకు తీసింది. పిట్టగోడ చెమటకు ఎర్రబడింది.

"అయితే మేడమ్, నా భయానికి ఒక విలువంటూ వచ్చిందన్నమాట" అన్నాడు దామోదర్ మొహం తుడుచుకుంటూ.

ఆ విలువ మీదే ఆమె గ్రాంటు పథకాన్ని అల్లింది. ఏ గల్లీలో జనం భయంతో బతుకుతున్నారో ఆ గల్లీకే నిధులు పోవాలి. దరఖాస్తు వద్దు, దస్కత్తు వద్దు, దండం అసలే వద్దు. ముక్కు ఎర్రబడితే చాలు, గల్లీవాళ్ళు కోరిన పని మంజూరు. టపాకాయ పేలినా కుక్క మొరిగినా ఎర్రబడితే నిధులన్నీ దీపావళికే అయిపోతాయని ఆమె ఒక షరతు పెట్టింది. భయం నిలకడగా ఉండాలి. నడుమ తగ్గితే ముక్కు పసుపుపచ్చకు దిగి మళ్ళీ మొదటికొస్తుంది. 'నిలకడ నిబంధన' అని దానికి తనే పేరు పెట్టుకొని మురిసిపోయింది. గోడకెక్కిన ప్రతి ముక్కూ ముందుగా కాసేపు ఆ బస్తీ గాలిని పీల్చి, అక్కడి మామూలు వాసనను సున్నాగా గుర్తు పెట్టుకోవాలని కూడా ఏర్పాటు చేసింది. ఆ సంగతి ఆమెకు పెద్ద విషయంగా తోచలేదు.

షీసాబస్తీకి మాత్రం కంటి ముందు ఉన్నది ఒకటే. కొట్లాట అయింది, దీపాలొచ్చాయి. ఇన్నాళ్ళూ సర్కారు తమ ముక్కు పిండి వసూలు చేసింది, ఇక సర్కారు ముక్కును తామే పిండుకోవచ్చు!

మొదట నాటకాలాడారు. కిందిగల్లీ పహిల్వాను జాంగీరూ రాజమల్లూ బజారు నడుమ ఒకణ్ణొకడు ఎత్తి కుదేసుకున్నారు. వాళ్ళు ఒకే తాలీం మట్టిలో పొర్లి పెరిగిన దోస్తులు. ఆడవాళ్ళు గుండెలు బాదుకున్నారు, ఎవరో టమాటా రసం కూడా పోశారు. ముక్కు ఆవులించినంత పని చేసింది. చెమట బోలెడంత కారింది, అందులో భయం చుక్క కూడా లేదు.

దాంతో నిజం కొట్లాటలకు దిగారు. దెబ్బ ఎప్పుడు పడుతుందో, ఎవరి మీద పడుతుందో తెలియకూడదని ఒప్పందం. పెళ్ళి బరాతులో గుర్రం తోకకు నిప్పంటుకుంది, గుర్రం జనాన్ని తొక్కుకుంటూ పోయింది. నల్లా దగ్గర బిందె పట్టుకున్న మనిషి చెవి తెగి బిందెలో పడింది. డాబా మీద పడుకున్నవాణ్ణి మంచంతో సహా కిందికి తోశారు. మరుగుతున్న నూనె మూకుడు మిర్చిబజ్జీల బండివాడి తొడల మీద బోర్లపడింది. మురుగు మోరీలకు మూతలు పడ్డాయి, కాళ్ళకు కట్లు పడ్డాయి. ఒకడి కన్ను పోయింది, ఆ మూలకు పెద్ద దీపం వచ్చింది. బస్తీలో వెలుగు పెరిగి చూపు తగ్గింది. నల్లాల్లో నీళ్ళూ కళ్ళలో నీళ్ళూ ఒకేసారి రావడం మొదలైంది.

ప్రయోగశాలలో కూర్చున్న స్వరాజ్యానికి తెర మీద ముక్కులు పంపే గీతలు తప్ప ఇవేవీ కనిపించవు. ఆ గీతలూ ఆమెను విసిగించాయి. భయం జివ్వున లేస్తుంది, ఎర్రబడబోతుంది, అంతలో ఎవరో ఊదినట్టు చల్లారిపోతుంది. పదిసార్లు లేస్తే ఒక్కసారి నిలుస్తోంది.

ఆదివారం తమ్ముడింటికి భోజనానికి వెళ్ళింది. మరదలు తలకాయ కూర వండింది. తినడానికి కూర్చున్న తలకాయలన్నిటికీ కట్లే. జాంగీరు ఎడమచెయ్యి మెడకు వేలాడుతోంది.

"ఏందిరా ఇది? యుద్ధం నుంచి వచ్చినట్టున్నారు?"

"కుస్తీల దెబ్బలక్కా" అన్నాడు రాజమల్లు కూరలోకి చూస్తూ.

"కుస్తీ చెవులు కూడా కోస్తదా?"

"డాక్టరక్కా, గవన్ని ఇడిచిపెట్టు" అంటూ జాంగీరు నల్లి ఎముకను పళ్ళెం అంచుకు తాటించాడు. "నీ ముక్కు మా గల్లీని జూస్తే మొహం తిప్పుకుంటుంది. అందరికీ అన్నీ ఇచ్చింది, నాకు తొవ్వ ఇస్తలేదు."

"ఏం తొవ్వ?"

"అంబులెన్సు పట్టే తొవ్వ. షరీఫాకు నొప్పులొచ్చిన నాడు మంచం మీద ఏసి మోసినం. మలుపు కాడ మంచం తిరగలే. మంచం తిరగలే, పెండ్లాం తిరిగి రాలే." నవ్వాడు. ఆ నవ్వుకు ఎవరూ నవ్వలేదు. "నాకు దీపాలొద్దక్కా. ఆ మలుపు కాడి గోడలు కొనేసి కూలగొడితే సాలు."

స్వరాజ్యం చేతిలోని ముద్దను పళ్ళెంలో పెట్టేసింది. ఓదార్చబోయి, తనకు తెలిసిందంతా చెప్పేసింది. "మీ గల్లీ ముక్కు సరిగ్గానే ఉంది జాంగీర్. భయం పైకి లేస్తోంది, నడుమ ఏదో దాన్ని చల్లార్చేస్తోంది. అదేంటో నాకు అంతుపట్టడం లేదు. అదొక్కటి లేకుంటే మీకు తొవ్వ ఎప్పుడో వచ్చేది."

రాజమల్లూ జాంగీరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మరదలు గరిటె అలాగే పట్టుకొని నిలబడిపోయింది.

"గట్లనా" అన్నాడు జాంగీరు మెల్లగా. "చల్లారకపోతే సాలన్నట్టు."

ఆ తర్వాత పైగల్లీ గీతలు బాగుపడ్డాయి. భయం లేచిందంటే నిట్టనిలువుగా నిలబడుతోంది. శాఖ కార్యదర్శి గంగాధరం గారు తెర ముందు నిలబడి ముక్కున వేలేసుకున్నారు. "అద్భుతమమ్మా! ఎంత శుభ్రమైన గీత! అన్ని పట్టణాల్లోనూ పెట్టించేద్దాం. గోడలెన్ని ఉంటే ముక్కులన్ని!" స్వరాజ్యం మురిసి ముద్దయింది.

ఆ మధ్యాహ్నమే దామోదర్ ఎముక చూపించుకోవడానికి పెద్దాసుపత్రికి వెళ్ళాడు. తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"మేడమ్, ఎముకల వార్డు మొత్తం షీసాబస్తీయే. ఒకాయన కాలు వెనక్కి తిరిగిపోయింది. 'ఎవరు తెచ్చారు?' అని అడిగా. ఎవరూ తేలేదట. రోడ్డు దాకా పాక్కుంటూ వచ్చాడట. నన్నయితే మీ తమ్ముడు మోసుకొచ్చారు కదా! ఇప్పుడక్కడ ఎవరూ ఎవర్నీ ఎత్తడం లేదు మేడమ్."

స్వరాజ్యం తెర వైపు తిరిగింది. గీత నిటారుగా, శుభ్రంగా ఉంది. ఇన్నాళ్ళూ నడుమ భయాన్ని చల్లార్చిందేమిటో అప్పుడు తెలిసింది. కొట్టినవాడు వంగి, పడ్డవాణ్ణి భుజానికెత్తుకునే ఆ క్షణం. దాన్ని చూడగానే గల్లీ ఊపిరి పీల్చుకునేది. ఆమె నిలకడ నిబంధనకు అడ్డొచ్చింది అదే. అది లేకుంటే తొవ్వ వచ్చేదని, తలకాయ కూర తింటూ, ఆమే చెప్పింది.

తెర మీద కిందిగల్లీ గీత పైకి లేవడం మొదలైంది.

స్వరాజ్యం ఎక్కిన ఆటో కిందిగల్లీ మొగదల ఆగింది, లోపలికి పట్టదు. దిగి పరుగెత్తింది. పట్టపగలు, అయినా ఒక్క గొంతూ వినిపించడం లేదు. ముక్కు ఉన్న గోడ ముందు జనం గుండ్రంగా నిలబడి ఉన్నారు. నడుమ జాంగీరు వెల్లకిలా పడి ఉన్నాడు. పక్కనే తాలీంలో తిప్పే బరువైన కట్టె గద, ముగ్దరు. దాని బొడిపెకు వెంట్రుకలు అతుక్కున్నాయి. జాంగీరు నెత్తి ఒకవైపు లోపలికి పోయింది. నెత్తురు కొత్త మోరీ మూత రంధ్రాల్లోంచి బొటబొటా కిందికి జారుతోంది.

రాజమల్లు అతని తల దగ్గర మోకాళ్ళ మీద ఉన్నాడు. రెండు చేతులూ వెనక్కి విరిచి రుమాలుతో కట్టి ఉన్నాయి. మొహమంతా కన్నీళ్ళూ చీమిడీ.

"ఎవడ్రా నిన్ను కట్టేసింది?"

"నేనే కట్టించుకున్న అక్కా. చేతులు ఆగుతలేవు, ఎత్తనీకి పోతున్నయ్." వెక్కి వెక్కి ఏడ్చాడు. "వీడే అన్నడు. ఎప్పుడన్న కొట్టు గని జెప్పకు అన్నడు. ఎర్రగయ్యేదాంక ఎత్తొద్దని ఒట్టేయించుకున్నడు."

గోడ మీద ముక్కు పసుపుపచ్చ దాటి నారింజ రంగుకు వచ్చింది. ఆమె జాంగీరు మీదికి వంగింది.

"ముట్టకు అక్కా" అన్నాడు జాంగీరు. నోట్లో బుడగలు లేచాయి. ఒక్క కన్ను గోడ మీదే ఉంది. "అయితుంది... ఇంకింతే. సూడు, ఎట్ల ఎర్రగయితుందో."

చుట్టూ ఉన్నవాళ్ళెవరూ కదల్లేదు. కిందిగల్లీలో అందరికంటే పెద్దది పోశవ్వ, కొంగు నోట్లో కుక్కుకొని నిలబడి ఉంది. జాలి చూపిస్తే తొవ్వ పోతుందని జాలిని పళ్ళ కింద నొక్కిపట్టారు అందరూ.

స్వరాజ్యం ముగ్దరు అందుకుంది. ఉస్తాదు కూతురు, పట్టు మరిచిపోలేదు. మొదటి దెబ్బకు ముక్కు డబ్బా పగిలింది. రెండో దెబ్బకు లోపలి పొర తడితడిగా జారి నేల మీద పడి, కోసిన కోడి చర్మంలా అదిరింది. మూడో దెబ్బకు గోడలోని మేకు వంగింది. నాలుగోది ఎందుకు కొట్టిందో ఆమెకే తెలియదు.

జాంగీరు కన్ను గోడ మీది నుంచి ఆమె మీదికి వచ్చింది.

"తొవ్వ పాయె గదక్కా" అన్నాడు.

రాజమల్లు ఒక్క గుంజు గుంజితే రుమాలు తెగింది. దోస్తును భుజానికెత్తుకొని పరుగెత్తాడు. స్వరాజ్యం దారిలోనే పిలిచిన అంబులెన్సు గల్లీ మొగదల మొత్తుకుంటోంది. మలుపు దగ్గర ఇటు గోడా అటు గోడా తగిలి, పక్కకు తిరిగి దూరాల్సి వచ్చింది. అక్కడే జాంగీరు తల అతని భుజం మీద బరువుగా వాలింది. షరీఫా మంచం తిరగని చోటే.

జాంగీరును పూడ్చిన కొన్నాళ్ళకు తాలీంలో సభ పెట్టారు. రెండు గల్లీలూ మట్టి మీద కూర్చున్నాయి. అరెస్టు చేయడానికి ఇవాళో రేపో వస్తారని తెలిసీ రాజమల్లు ఎక్కడికీ పోలేదు, స్తంభానికి ఆనుకొని కూర్చున్నాడు. గంగాధరం గారు కొత్త ముక్కుల పెట్టెలతో దిగి, మైకు ముందు గొంతు సవరించుకున్నారు.

"జరిగింది దురదృష్టకరం. కానీ మొదటి రోజు రికార్డు చూడండి! రాయి పడకముందే ముక్కు ఎర్రబడింది. జరగబోయేది ముందే పసిగట్టిందండీ!"

స్వరాజ్యం ఉలిక్కిపడింది. రాయి పడకముందేనా? రాళ్ళు పడకముందు బస్తీ దేనికి భయపడింది? తిరిగి తమ్ముణ్ణి చూసింది.

"రాజమల్లూ, ఆ పొద్దు పోలీసోళ్ళ బండి అన్నవేందిరా?"

"నువ్వే అంటివి గద, మైకుల. ఇంటింటికీ వారంటు వస్తుందని."

ఆమె ఆ ఆటో మైకునే తెప్పించి, తన రికార్డు పెట్టింది. 'ఇంటింటికీ వారంటు' అంది మైకు. ఇప్పుడు ఆమె చెవులకూ అలాగే వినిపించింది. తీగ పీకేసి, అదే మాటను తన నోటితో చెప్పింది. "గ్రాంటు. నేను చెప్పింది గ్రాంటు. మీకు వినబడింది వారంటు. మీరు వారంటుకు భయపడ్డరు, రాళ్ళు ఆ తర్వాత వచ్చినయ్. ముక్కు ఎర్రబడింది ఆ భయానికి. నెత్తురుకు కాదు. ఎవరూ ఎవర్నీ కొట్టాల్సిన పని లేకుండె."

పోశవ్వ మెల్లగా లేచింది.

"అంటే బిడ్డా, గా దీపాలు భయపడ్డందుకు ఇచ్చిండ్రా? కొట్టుకున్నందుకు గాదా?"

"కాదవ్వా."

"భయపడితే సాలునా?"

"చాలు."

"మరి మేం రోజూ భయపడుతనే ఉంటిమి గద! ఇంటాయన తాగొస్తడని, ఇల్లు కూలుతదని, పోలీసోడొస్తడని. గప్పుడెందుకియ్యలే నీ ముక్కు?"

స్వరాజ్యం మైకు చేత్తో పట్టుకొనే పోశవ్వ ముందుకొచ్చింది. "దాన్ని గోడకెక్కించగానే మీ బస్తీ గాలి పీల్చనిచ్చిన అవ్వా. ఇక్కడ రోజూ ఉండే వాసనను సున్నా అనుకొమ్మన్న. మీ రోజువారీ భయం దానికి సున్నా."

"సున్నానా?" అంది పోశవ్వ. చుట్టూ చూసింది. కట్లు, కర్రలు, మూతబడ్డ కన్ను. "గిన్నేండ్ల భయం సున్నా ఆయె!"

గంగాధరం గారు మైకు వైపు చెయ్యి చాచారు. స్వరాజ్యం ఇవ్వలేదు. "ఇంకో గోడకు మేకు పడదు సార్. పడితే ముందు నా మీద పడాలి."

తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది. ఇన్‌స్పెక్టరు కాగితం విప్పి, మైకు లేకుండానే చదివాడు. వారంటు. అందరికీ సరిగ్గానే వినబడింది. ఎవరూ పరుగెత్తలేదు, ఎవరూ రాయి తీయలేదు. రాజమల్లు లేవబోయాడు. మళ్ళీ మట్టిలో కూలబడ్డాడు. కానిస్టేబులు రెక్క పట్టుకోబోతే పోశవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. నువ్వు ఎత్తొద్దు."

స్వరాజ్యం తమ్ముడి ముందు కూర్చుంది.

"నువ్వెందుకక్కా" అన్నాడు రాజమల్లు. "నన్ను నువ్వు కొట్టలేదు."

"ఆ గోడకు మేకు కొట్టింది నేనేరా."

అతని చంక కింద భుజం పెట్టింది. పహిల్వాను బరువు. మొదటిసారి లేవలేకపోయింది, రెండోసారి లేచింది. బయట గల్లీలో ఇద్దరు పక్కపక్కన నడవడానికి చోటు లేదు. గోడకు వీపు రాపాడించుకుంటూ, అడ్డంగా అడుగులు వేస్తూ, తమ్ముణ్ణి మలుపు దాటించింది.